కిర్హోల్మ్ 1605: మూడున్నర వేల మంది పదకొండు వేల మందిని ఎలా ఓడించారు, ఓడించి ఏం మిగుల్చుకున్నారు

వీపు వెనక ఈకల రెక్కలు, చేతిలో పొడుగాటి బల్లెం, నేల అదిరేలా దూసుకొచ్చే గుర్రాలు. ఈ షార్ట్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. కింద ఎప్పుడూ ఒకటే లైను: "3,600 మంది పోలిష్ హుస్సార్లు 11,000 మంది స్వీడన్ సైన్యాన్ని 20 నిమిషాల్లో తుడిచిపెట్టేశారు." కామెంట్లలో సగం మంది గూస్‌బంప్స్ అంటారు, మిగతా సగం ఇదంతా పోలండ్ వాళ్లు కొట్టుకునే డబ్బా అంటారు.

ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పుకోలేం. కిర్హోల్మ్ దగ్గర యుద్ధం జరిగింది, బలగాల్లో తేడా అంత ఉన్న మాట నిజమే, స్వీడన్ చిత్తుగా ఓడిపోవడమూ నిజమే. కానీ ఆ 3,600 మందీ హుస్సార్లు కాదు, అందరూ పోలండ్ వాళ్లూ కాదు, 20 నిమిషాల్లో అయిపోయిన పనీ కాదు. ఇంకో సంగతి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఇంత పెద్ద గెలుపు గెలిచినవాళ్లకి చేతికి అందినది దాదాపు ఏమీ లేదు. నా మటుకు నాకు గెలుపు కన్నా అదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే గెలిచిన కారణాలూ గెలుపు నిలబడకపోయిన కారణాలూ ఒకే చోట నుంచి వస్తాయి.

ముందు తేదీ చూద్దాం, అక్కడే చాలామంది తికమక పడతారు. పోలండ్ పుస్తకాల్లో 1605 సెప్టెంబర్ 27 అని ఉంటుంది, స్వీడన్ వాటిలో సెప్టెంబర్ 17. రెండూ ఒకే రోజు. పోలండ్ 1582లోనే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారిపోయింది, స్వీడన్ ఇంకా పాత జూలియన్ లెక్కలోనే ఉంది, అప్పటికి రెండింటి మధ్య తేడా పది రోజులు. 17కి 10 కలిపితే 27. అంతే. ఈ వ్యాసంలో కొత్త లెక్కనే వాడుతున్నాను. కాలం ఊహకి అందాలంటే, అప్పటికి మన దగ్గర గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుబడి, చార్మినార్ కట్టి పద్నాలుగేళ్లు.

బాబాయికీ అబ్బాయికీ మధ్య ఆస్తి తగాదా

పోలండ్‌కీ స్వీడన్‌కీ మధ్యలో బాల్టిక్ సముద్రం ఉంది. ఇద్దరూ కొట్టుకోవాల్సిన అవసరం ఏమిటి అంటే, సగం కారణం దాయాదుల పోరు.

స్వీడన్ రాజు మూడో జాన్, పోలండ్ రాజకుమారి కేథరిన్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కొడుకు సిగిస్మండ్. తల్లి వైపు నుంచి పోలండ్ రాజవంశం రక్తం ఉంది కాబట్టి 1587లో పోలండ్ ప్రభువులు అతన్ని తమ రాజుగా ఎన్నుకున్నారు. అవును, ఎన్నుకున్నారు, అక్కడ రాజుగారికి కూడా ఎన్నికే. 1592లో తండ్రి పోయాక స్వీడన్ కిరీటం కూడా వారసత్వంగా వచ్చింది. రెండు దేశాలకి ఒకే రాజు, కాగితం మీద అద్భుతంగా ఉంది. కాకపోతే సిగిస్మండ్ పక్కా క్యాథలిక్, స్వీడన్ అప్పటికే లూథరన్ దేశం. పైగా కాపురం పోలండ్‌లో. ఇంటి దగ్గర పెత్తనం అంతా తండ్రి తమ్ముడు, అంటే బాబాయి, చార్లెస్ చేతిలో పడింది.

తర్వాత ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1598లో సిగిస్మండ్ సైన్యంతో స్వీడన్ వెళ్లాడు, లింకోపింగ్ దగ్గర స్టాంగెబ్రోలో బాబాయి చేతిలో ఓడిపోయాడు. 1599లో స్వీడన్ సభ అతన్ని గద్దె దింపేసింది. బాబాయి కొన్నాళ్లు రాజప్రతినిధిగా ఉండి, 1604లో తానే తొమ్మిదో చార్లెస్ అయి కూర్చున్నాడు. సిగిస్మండ్ మాత్రం స్వీడన్ నాదే అనడం బతికున్నంత కాలం మానలేదు, అతని కొడుకులూ మానలేదు.

మిగతా సగం కారణం డబ్బు, దాని పేరు లివోనియా. ఇప్పటి లాత్వియా, ఎస్టోనియా ఉన్న ప్రాంతమే. జర్మన్ క్రైస్తవ వీరుల సంఘం ఒకటి అక్కడ శతాబ్దాల పాటు ఏలి, రష్యా జార్ ఇవాన్ దాడులు తట్టుకోలేక 1561లో చేతులెత్తేసింది. ఉత్తరాన ఎస్టోనియా ముక్క స్వీడన్ పంచన చేరింది, దక్షిణ భాగం పోలండ్-లిథువేనియా కిందకి వచ్చింది. అందులో అసలు బంగారు గుడ్డు రీగా రేవు. డౌగవా నది వెంట లోతట్టు నుంచి ధాన్యం, అవిసె, జనపనార, కలప అన్నీ ఆ రేవుకి దిగి అక్కడ నుంచి పడమటి దేశాలకి ఓడలెక్కేవి. రీగా ఎవరి చేతిలో ఉంటే సుంకాలు వాళ్లవి. 1600లో సిగిస్మండ్ ఎస్టోనియాని పోలండ్-లిథువేనియాలో కలిపేస్తున్నట్టు ప్రకటించాడు, చార్లెస్ వెంటనే సైన్యంతో లివోనియాలో దిగాడు. మొదలైంది.

కొన్ని మాటలకి అర్థాలు

కామన్వెల్త్ అన్నది 1569లో పోలండ్, లిథువేనియా కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి రాజ్యం. రాజు ఒకడే, సభ ఒకటే. కానీ సైన్యాలు వేరు, ఖజానాలు వేరు, పదవులు వేరు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ సభ పేరు సెయ్మ్. పన్నులు వేయాలంటే అది ఒప్పుకోవాలి, రాజు సొంతంగా వేయలేడు. సైన్యాధిపతిని హెట్మన్ అంటారు.

హుస్సార్ అంటే ఈ కథలో బరువైన గుర్రపు రౌతు. ఛాతీకి ఉక్కు కవచం, దాదాపు 5 మీటర్ల బల్లెం, నడుముకి వంపు కత్తి, జీనుకి ఇంకో పొడవాటి పొడుపు కత్తి. బల్లెం లోపల బోలుగా ఉంటుంది కాబట్టి అంత పొడుగున్నా ఒంటి చేత్తో మోయొచ్చు, గుద్దితే విరిగిపోతుంది, విరిగితే ఇంకోటి తీసుకోవడమే. ఇతను మామూలు జీతగాడు కాదు. ప్రభువుల కుటుంబంలో పుట్టినవాడు, తన గుర్రం తానే కొనుక్కుని, తన వెంట ఇద్దరు ముగ్గురు అనుచరులని కూడా తానే సిద్ధం చేసుకుని వచ్చేవాడు. యుద్ధంలో గుర్రం చచ్చిపోతే నష్టం అతనిదే.

పైక్ అంటే కాల్బలం పట్టుకునే చాలా పొడుగైన ఈటె, గుర్రాలని ఆపడానికి. పైక్ వాళ్లు ముందు గోడలా నిలబడితే, తుపాకీ వాళ్లు దాని చాటు నుంచి కాలుస్తారు. ఇక కరకోల్ అన్నది అప్పటి పశ్చిమ యూరప్ గుర్రపు దళాల పద్ధతి. వరుసలుగా దగ్గరికి వెళ్లి పిస్తోలు పేల్చి, పక్కకి తిరిగి వెనక్కి వచ్చి మళ్లీ మందు నింపుకోవడం. స్వీడన్ రౌతులు చేసేది ఇదే.

లెక్క విడదీసి చూస్తే కథ మారుతుంది

చరిత్రకారులు ఎక్కువగా చెప్పే అంకెలు ఇవి. స్వీడన్ వైపు సుమారు 10,900 మంది, 11 ఫిరంగులు. కామన్వెల్త్ వైపు సుమారు 3,600 మంది, ఫిరంగులు అయిదో ఏడో. ఒక్కడికి ముగ్గురు. వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి.

ఇప్పుడు దాన్నే కాల్బలం, గుర్రపు బలం అని విడదీయండి. స్వీడన్ 10,900లో గుర్రాల మీద ఉన్నవాళ్లు దాదాపు 2,500. మిగతా 8,400 కాల్బలం. అటు 3,600లో గుర్రాల మీద ఉన్నవాళ్లు సుమారు 2,600, కాల్బలం వెయ్యి మంది. అంటే గుర్రపు రౌతుల లెక్కలో రెండు పక్కలా సమానం! ఒక్కడికి ముగ్గురు అన్న తేడా మొత్తం కాల్బలంలోనే ఉంది. సరే, అయినా 8,400 మంది తక్కువేం కాదు. కానీ ప్రశ్న మారిపోయింది చూడండి. "కొద్దిమంది అంతమందిని ఎలా గెలిచారు" అని కాదు ఇప్పుడు అడగాల్సింది. సమానంగా ఉన్న గుర్రపు దళాల్లో ఒకటి ఇంకోదాన్ని తరిమేస్తే, మైదానంలో మిగిలిపోయిన కాల్బలం ఏమైపోతుంది, అదీ ప్రశ్న.

ఆ మైదానం ఎలా కుదిరిందో కూడా చెప్పుకోవాలి. చార్లెస్ రీగాని ముట్టడించి కూర్చున్నాడు. లిథువేనియా హెట్మన్ యాన్ కరోల్ ఖోద్కియెవిచ్ తన చిన్న సైన్యంతో రీగాకి ఆగ్నేయంగా ఓ 18 కిలోమీటర్ల దూరంలో, డౌగవా ఒడ్డున కిర్హోల్మ్ దగ్గర దిగాడని కబురొచ్చింది. ఇప్పుడది లాత్వియాలో సలస్పిల్స్ అనే ఊరు. చార్లెస్ రాత్రికి రాత్రే, వానలో, సైన్యాన్ని నడిపించుకొచ్చాడు. తెల్లారేసరికి శత్రువుని నిద్రలో పట్టేద్దామని ఆలోచన. వచ్చి చూస్తే అవతల అందరూ మేలుకుని వరుసలు కట్టి ఉన్నారు. తనవాళ్లు మాత్రం తడిసి, నిద్ర లేక, కడుపులో ఏమీ లేక ఉన్నారు.

ఎర వేసి దింపడం

అయినా చార్లెస్ స్థానం చెడ్డదేం కాదు. సైన్యం ఒక మిట్ట మీద ఉంది, కాల్బలాన్ని చదరాలు చదరాలుగా నిలబెట్టి, మధ్యలో సందులు వదిలి, గుర్రాలని పక్కలకీ వెనక్కీ పెట్టాడు. ఎదుటివాడు మిట్ట ఎక్కి రావాలి. ఖోద్కియెవిచ్ రాలేదు. గంటల తరబడి చిన్న చిన్న కవ్వింపులు తప్ప ఏమీ జరగలేదు. తన బలగాన్ని బాగా దగ్గరగా కుదించి నిలబెట్టాడు, దూరం నుంచి చూస్తే ఉన్నదాని కన్నా ఇంకా తక్కువగా కనిపించేలా. ఈ లోపు నదికి అవతల, కామన్వెల్త్ అండలో ఉన్న చిన్న రాజ్యం కోర్లాండ్ డ్యూక్ ఫ్రెడరిక్ కెట్లర్ ఓ 300 మంది రౌతులతో నది దాటి వచ్చి కలిశాడు. మొత్తం అంకె చిన్నది కాబట్టి ఆ మూడొందలు కూడా పెద్ద మాటే.

తర్వాత ఖోద్కియెవిచ్ ముందున్న రౌతులని వెనక్కి తీసుకున్నాడు. పారిపోతున్నట్టు. చార్లెస్ నమ్మాడు. నమ్మడంలో తప్పు పట్టలేం, కళ్ల ముందు తనలో మూడో వంతు సైన్యం, వెనక నది, ఇప్పుడు వదిలేస్తే నది దాటేసి పోతారేమో అనిపించడం సహజం. స్వీడన్ సైన్యం మిట్ట దిగి చదును నేల మీదకి వచ్చింది. ఖోద్కియెవిచ్‌కి కావాల్సింది అదే.

మధ్యలో విన్సెంటీ వోయ్నా కింద ఉన్న హుస్సార్లు స్వీడన్ కాల్బలాన్ని గుద్దారు. దాన్ని విరగ్గొట్టడానికి కాదు, అక్కడే కట్టి పడేయడానికి. అసలు దెబ్బ ఎడమ వైపు నుంచి. అక్కడ తోమాష్ డొంబ్రోవా చేతిలో ఎక్కువ బలం పెట్టాడు, అది స్వీడన్ కుడి పక్క గుర్రపు దళం మీద పడింది. కుడివైపు యాన్ పియోటర్ సపియెహా అవతలి పక్క రౌతులని పట్టుకున్నాడు. పిస్తోలు పేల్చి పక్కకి తిరిగే పద్ధతి నేర్చుకున్న రౌతు మీదకి, అసలు తిరగకుండా బల్లెం చాపి నేరుగా వచ్చేవాడు వస్తే ఏమవుతుంది? ఒక్క గుండు పేలుతుంది. తగిలితే తగిలింది. ఆ తర్వాత రెండోది నింపుకునే టైమ్ ఉండదు. స్వీడన్ రౌతులు వెనుదిరిగారు, తిరిగినవాళ్లు తమ కాల్బలం వరుసల్లోకే దూసుకుపోయారు. చార్లెస్ దాచి ఉంచిన గుర్రపు దళాన్ని సపియెహా మీదకి పంపితే, ఖోద్కియెవిచ్ కూడా తన దగ్గర మిగిలిన చిన్న దళాన్ని తెయొదోర్ లాట్స్కి వెంట పంపాడు. దాంతో స్వీడన్ గుర్రం అన్నది మైదానంలో లేకుండా పోయింది.

ఆ "20 నిమిషాలు" ఇక్కడివే. రెండు పక్కలా గుర్రపు దళాలు విరిగిన ఘట్టం అరగంట లోపే అయిపోయి ఉండొచ్చు. కానీ పొద్దున్నుంచి సాగిన ఎదురుచూపు, ఆ తర్వాత కాల్బలాన్ని మూడు వైపుల నుంచి నరకడం, పారిపోయేవాళ్లని తరమడం కలిపితే దాదాపు రోజంతా అయ్యింది. చావులు ఎక్కువ ఈ చివరి భాగంలోనే. అందుకే నష్టాల్లో అంత తేడా. కామన్వెల్త్ వైపు చనిపోయినవాళ్లు వంద మంది, గాయపడ్డవాళ్లు ఇంకో రెండొందల మంది అని సాధారణంగా చెబుతారు. స్వీడన్ వైపు 6,000 నుంచి 9,000 దాకా రకరకాల లెక్కలున్నాయి. తక్కువ అంకె తీసుకున్నా సైన్యంలో సగం పైన పోయినట్టే. స్వీడన్ సేనానులు ఆండర్స్ లెన్నార్ట్‌సన్, లూనెబర్గ్ డ్యూక్ ఫ్రెడరిక్ ఇద్దరూ అక్కడే చచ్చిపోయారు. చార్లెస్ గుర్రం కూలిపోతే హెన్రిక్ వ్రేడే అనే లివోనియా జర్మన్ ప్రభువు తన గుర్రం ఇచ్చేసి, తాను చచ్చిపోయాడు. రాజు బతికి బయటపడి, ఆ కుటుంబానికి ఫిన్లాండ్‌లో భూములిచ్చాడు.

మరి 8,400 మంది తుపాకులూ పైకులూ ఏం చేశాయి

ఇక్కడే అసలు వాదన ఉంది. ముందు తుపాకీ సంగతి చిన్న లెక్క వేసుకుందాం.

అప్పటి ఒత్తి తుపాకీతో గురి కుదిరే దూరం సుమారు 100 మీటర్లు అనుకోండి. గుర్రం దౌడు వేగం గంటకి 40 కిలోమీటర్లు, అంటే సెకనుకి 11 మీటర్లు. 100 మీటర్లు దాటడానికి 9 సెకన్లు. ఒత్తి తుపాకీ మళ్లీ నింపి పేల్చాలంటే నిమిషం పడుతుంది, చేతులు వణుకుతుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక సిపాయికి ఒకే ఒక్క గుండు. దీనికి విరుగుడు కూడా అప్పటికే ఉంది. డచ్చి వాళ్లు వరుసలు వంతులవారీగా కాల్చడం కనిపెట్టారు. ముందు వరుస కాల్చి వెనక్కి పోతుంది, రెండో వరుస కాలుస్తుంది, అలా. ఆరు వరుసలు పది పది సెకన్లకి ఒకటి కాలిస్తే నిమిషమంతా గుళ్లు ఆగవు. కానీ మన లెక్కలో గుర్రం వచ్చేది 9 సెకన్లలో. అంటే ఈ పద్ధతిలో కూడా ఒకటీ, మహా అయితే రెండు వరుసల గుళ్లే దాని మీద పడతాయి. అక్కడి నుంచి ఆపాల్సింది పైకులే.

పైకులే సరిగ్గా లేవు. స్వీడన్ కాల్బలంలో ఎక్కువమంది రైతు బిడ్డలు, పైక్ మోయడం వాళ్లకి ఇష్టం లేదు. బరువు, పొడుగు, పైగా కవచం లేకుండా ముందు వరుసలో నిలబడాలి. చార్లెస్‌కి ఈ లోపం తెలుసు. 1601లో నాసావ్ ప్రభువు జాన్‌ని లివోనియా రప్పించి డచ్చి పద్ధతులు నేర్పించే ప్రయత్నం కూడా చేశాడు. నేర్పించడం ఒకటీ, ఒంటబట్టడం ఇంకొకటీ. కిర్హోల్మ్ నాటికి ఆ సైన్యం సగం కొత్త పద్ధతి, సగం పాత అలవాటు.

దీని మీద మూడు రకాల వాదనలు వినిపిస్తాయి. హుస్సార్ల బల్లెం పైక్ కన్నా పొడుగు కాబట్టి నేరుగా పైక్ గోడనే పగలగొట్టారన్నది మొదటిది. ఇది వినడానికి బావుంటుంది గానీ, బల్లెంలో కొంత భాగం చంక కింద పోతుంది, పైక్ మొదలు నేలకి ఆనించి ముందుకి వంచుతారు, పైగా గుర్రం మొహం రౌతు కన్నా ముందుంటుంది. పొడుగుల తేడా ఒక్కటే తేల్చేస్తుందని అనుకోలేం. రెండోది, ఇదంతా ఖోద్కియెవిచ్ తెలివి, హుస్సార్లు వట్టి పనిముట్లు అన్నది. మూడోది స్వీడన్ వైపు నుంచి వచ్చేది: సైన్యం అలిసిపోయింది, తయారు కాలేదు, రాజు తొందరపడ్డాడు, ఇంకో రోజైతే ఫలితం వేరుగా ఉండేది.

నాకైతే రెండూ మూడూ కలిపితేనే కథ అతుకుతుందనిపిస్తుంది. కాకపోతే మూడోదానికి ఒక చిక్కు ఉంది. సరిగ్గా ఏడాది ముందు, 1604 సెప్టెంబర్‌లో, వైసెన్‌స్టైన్ దగ్గర ఇదే ఖోద్కియెవిచ్ ఇలాగే తనకన్నా పెద్ద స్వీడన్ సైన్యాన్ని ఓడించాడు. ఒకసారి ఓడితే ఆ రోజు బాలేదు అనుకోవచ్చు. రెండోసారి కూడా అదే మనిషి, అదే రకం సైన్యంతో కొడితే తప్పు రోజుది కాదు. గుర్రపు దళం పద్ధతిదే.

రెక్కలు ఉన్నాయా లేవా

ఉన్నాయి. కానీ సినిమాల్లో చూపించినట్టు వీపు మీద రెండు పెద్ద విల్లుల్లా, అందరికీ, ప్రతి యుద్ధంలోనూ ఉన్నాయని అనుకోవడానికి లేదు. అదే 1605 డిసెంబర్‌లో సిగిస్మండ్ పెళ్లి ఊరేగింపు క్రాకోవ్ నగరంలోకి వచ్చింది. దాన్నంతా ఒక పొడవాటి కాగితపు చుట్ట మీద బొమ్మలుగా వేశారు. అందులో హుస్సార్ల రెక్కలు జీనుకి అమర్చి కనిపిస్తాయి, వీపుకి కాదు. అది కూడా పండగ వేషం, యుద్ధ వేషం అని చెప్పలేం. ఆ చప్పుడుకి శత్రువు గుర్రాలు బెదిరిపోయేవన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. వేల గుర్రాల డెక్కల మోతలో, ఫిరంగుల మోతలో ఈకల చప్పుడు వినబడుతుందా అని అనుమానించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. ఆ బొమ్మల చుట్టని తర్వాత స్వీడన్ వాళ్లు పోలండ్ మీద పడినప్పుడు ఎత్తుకుపోయారు, 1974లో తిరిగి ఇచ్చారు. అందుకే దానికి స్టాక్‌హోమ్ చుట్ట అని పేరు.

ఇంతకీ ఇది ఎవరి విజయం

గెలిచింది లిథువేనియా హెట్మన్, అతని కింద ఉన్న సైన్యం ఎక్కువగా లిథువేనియా రాజ్యానికి చెందింది. అప్పటి లిథువేనియా రాజ్యంలో ఇప్పటి బెలారస్ మొత్తం ఉండేది కాబట్టి బెలారస్ వాళ్లు మాదీ అంటారు. పోలండ్ వాళ్లు ఉమ్మడి రాజ్యం కాబట్టి మాది అంటారు. కోర్లాండ్ రౌతులు జర్మన్లు, లిథువేనియాలో స్థిరపడ్డ తాతార్లు కూడా కొందరున్నారు. అటు స్వీడన్ జెండా కింద జర్మన్ కూలి సిపాయిలు, స్కాట్లాండ్ వాళ్లు, ఫిన్లాండ్ వాళ్లు. యుద్ధం జరిగిన నేల లాత్వియా వాళ్లది, వాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు. దీన్ని ఒక దేశం ఇంకో దేశాన్ని కొట్టిన కథగా చెప్తే ఏదో ఒక మూల తప్పు వస్తుంది. ఒక రాజకుటుంబం రెండు శాఖలు, ఎవరి దగ్గర ఉన్న మనుషులతో వాళ్లు కొట్టుకున్నారు.

గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు

కోర్టు తగాదాల మీద మనకో సామెత ఉంది కదా, ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని. ఖోద్కియెవిచ్ సంగతి అచ్చంగా అదే.

చార్లెస్ రీగా ముట్టడి వదిలేసి ఓడెక్కి వెళ్లిపోయాడు. అరవై దాకా జెండాలు, ఫిరంగులు అన్నీ చిక్కాయి. పోప్ అయిదో పాల్ దగ్గర నుంచి అభినందనలు వచ్చాయి. మామూలుగా అయితే ఇప్పుడు ఉత్తరానికి నడిచి ఎస్టోనియా కోటలు ఒక్కొక్కటీ పట్టుకోవాలి. ఆపడానికి ఎదురుగా సైన్యం లేదు. కానీ నడిపించడానికి ఇటు కూడా సైన్యం లేదు, ఎందుకంటే జీతాలు లేవు. ఆ ఏడాది మొదట్లో జరిగిన సెయ్మ్ పన్నుల సంగతి తేల్చకుండానే ముగిసింది. ఖోద్కియెవిచ్ యుద్ధానికి ముందే తన సొంత ఆస్తి పెట్టి సైన్యాన్ని నెట్టుకొచ్చాడు, రాజుకి డబ్బు పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. గెలిచాక సిపాయిలు తమలో తాము ఒక కూటమి కట్టి, బకాయిలు ఇచ్చేదాకా కదలమన్నారు. ఇవ్వలేదు, కదల్లేదు. ఇచ్చేవాళ్లు లేక ఊళ్ల మీద పడి వసూలు చేసుకున్నారు.

ఇక్కడ పైన గుర్తుంచుకోమన్న మాట పనికొస్తుంది. ఖజానాలు వేరు, పన్ను వేయాలంటే సభ ఒప్పుకోవాలి. క్రాకోవ్ దగ్గర ఎస్టేట్ ఉన్న ప్రభువుకి లివోనియా ఎక్కడో దూరం, అది రాజుగారి సొంత దాయాది తగాదా, దానికి నేనెందుకు కట్టాలి అంటాడు. అతని వైపు నుంచి చూస్తే ఆ మాట అన్యాయం కూడా కాదు. రాజు సైన్యానికి డబ్బు ఇస్తే ఆ సైన్యాన్ని రేపు తమ మీదకే తిప్పుతాడన్న భయం కూడా వాళ్లకి ఉంది. 1606లో ఆ భయమే తిరుగుబాటైంది. మికోలాయ్ జెబ్రిడోవ్‌స్కీ అనే ప్రభువు నాయకత్వంలో రాజుకి ఎదురుతిరిగారు, 1607లో గుజోవ్ దగ్గర యుద్ధమైంది, అక్కడ రాజు తరఫున సైన్యం నడిపిన ఇద్దరిలో ఖోద్కియెవిచ్ ఒకడు. కిర్హోల్మ్ వీరుడు రెండేళ్లు తిరక్కుండానే సొంత దేశపు ప్రభువుల మీద యుద్ధం చేయాల్సి వచ్చింది.

స్వీడన్‌లో జరిగింది దీనికి పూర్తి తలకిందులు. చార్లెస్ 1611లో పోయాడు, పదహారేళ్ల కొడుకు గుస్తావ్ అడాల్ఫ్ రాజయ్యాడు. తండ్రి మైదానంలో నేర్చుకున్న పాఠం కొడుకు కాగితం మీద పెట్టి అమలు చేశాడు. కాల్బలానికి శిక్షణ, తుపాకీ వరుసలు కలిసి ఒకేసారి కాల్చడం, తేలిక ఫిరంగులని కాల్బలంతో పాటే నడిపించడం, గుర్రపు దళం పిస్తోలు ఆటలు తగ్గించి కత్తి పట్టి నేరుగా గుద్దడం. ఈ చివరిది పోలండ్-లిథువేనియా రౌతుల దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్నదే. ఇవన్నీ ఒక్క కిర్హోల్మ్ వల్లే వచ్చాయని అంటే ఎక్కువ చెప్పినట్టు అవుతుంది, డచ్చి ప్రభావం, రష్యా, డెన్మార్క్ యుద్ధాలు కూడా ఉన్నాయి. కానీ ఆ ఓటమి గుర్తు లేకుండా చేసినవి మాత్రం కావు.

1621లో గుస్తావ్ అడాల్ఫ్ రీగాని ముట్టడించాడు. కామన్వెల్త్ సైన్యం ఆ టైమ్‌కి దక్షిణాన ఖోటిన్ కోట దగ్గర ఒట్టోమన్ సుల్తాన్‌తో పోరాడుతోంది, దాని సేనాని మళ్లీ ఖోద్కియెవిచ్చే. సెప్టెంబర్ 24న అతను జబ్బుతో ఆ కోటలోనే చనిపోయాడు. అదే నెలలో రీగా లొంగిపోయింది. 1626 జనవరిలో వాల్‌హోఫ్ దగ్గర గుస్తావ్ మైదానంలోనే లిథువేనియా సైన్యాన్ని ఓడించాడు. అదే ఏడాది గ్నియెవ్ దగ్గర హుస్సార్లు స్వీడన్ కాల్బలాన్ని కదిలించలేకపోయారు. అలాగని హుస్సార్ల కథ అయిపోయిందనుకోకండి. 1629లో త్ర్జ్‌చానా దగ్గర గుస్తావ్ వాళ్ల చేతిలో త్రుటిలో తప్పించుకున్నాడు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ పోయారు, అంతే. 1656లో వార్సా దగ్గర మూడు రోజుల యుద్ధంలో ఓ 18,000 మంది స్వీడన్, దానితో చేతులు కలిపిన జర్మన్ రాజ్యం బ్రాండెన్‌బర్గ్ సైన్యం, సుమారు రెండింతలున్న పోలండ్ సైన్యాన్ని ఓడించింది. ఈసారి తక్కువమంది వేరే పక్క ఉన్నారు.

1660లో ఒలీవా ఒప్పందంతో తగాదా కాగితం మీద ముగిసింది. అప్పటి పోలండ్ రాజు యాన్ కాజిమీర్, సిగిస్మండ్ కొడుకు. స్వీడన్ గద్దె మీద హక్కు వదులుకున్నాడు, స్వీడన్ రాజు అన్న బిరుదు మాత్రం బతికున్నంత కాలం వాడుకోవచ్చని ఒప్పుకున్నారు. లివోనియాలో ఎక్కువ భాగం రీగాతో సహా స్వీడన్‌దే అయ్యింది. స్వీడన్ కూడా దాన్ని ఇంకో యాభై ఏళ్లే ఉంచుకోగలిగింది, 1710లో రష్యా జార్ పీటర్ సైన్యం వచ్చి రీగాని పట్టేసుకుంది.